అట్ట మీద గుమ్మడికాయ ఉంది, లోపల చివరి పేజీ లేదు: స్లీపీ హాలో పుస్తకం కొనేవాళ్లకు

పోయిన నెల హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక పుస్తకాల షాపులో 150 రూపాయలు పెట్టి అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ కథల పుస్తకం ఒకటి కొన్నాను, మా బడి లైబ్రరీ కోసం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్తాను, వరంగల్ నుంచి బస్సులో గంట దూరం. పుస్తకంలో మూడు కథలున్నాయి: 'రిప్ వాన్ వింకిల్', 'ది స్పెక్టర్ బ్రైడ్‌గ్రూమ్', 'ది లెజెండ్ ఆఫ్ స్లీపీ హాలో'. నేను కొన్నది మూడో దాని కోసమే. కథకు పదికి పది ఇస్తాను, ఈ పుస్తకానికి మాత్రం ఐదు కూడా కష్టమే. ఎందుకో చెప్పాలంటే కథ అంతా మాట్లాడాలి, ముగింపు కూడా చెప్పేస్తాను కాబట్టి ఇంతవరకు చదవని వాళ్లు ముందు కథ చదివి రండి, గుటెన్‌బర్గ్ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ముందు పుస్తకం సంగతి. కాగితం పలచన, వెనక పేజీ అచ్చు ముందుకు కనబడుతుంది. అక్షరాలు మరీ చిన్నవి, తొమ్మిదో తరగతి పిల్లల కళ్లకు ఫర్వాలేదు గానీ నాకు కళ్లద్దాలతో కూడా కష్టమైంది. రెండుసార్లు పూర్తిగా తెరిచేసరికి మధ్యలో నాలుగు పేజీలు చేతికి వచ్చాయి. ఈ ధరకు ఇవన్నీ సర్దుకుపోవచ్చు, అంటించుకుంటే సరిపోతుంది. సర్దుకుపోలేనివి రెండు ఉన్నాయి, అట్ట ఒకటి, ఆఖరి పేజీ ఒకటి.

అట్ట మీద నల్ల గుర్రం, దాని మీద తల లేని మనిషి, చేతిలో కళ్లూ నోరూ చెక్కి లోపల దీపం పెట్టిన గుమ్మడికాయ. చూడటానికి బాగానే ఉంది. కానీ కథలో అలాంటి గుమ్మడికాయ లేనే లేదు. హాలోవీన్ అనే మాట కథ మొత్తంలో ఒక్కసారి కూడా రాదు. కథలో ఆ రౌతు తన తలనే జీను ముందు భాగంలో పెట్టుకుని వస్తాడు, లేదా చూసినవాడికి అలా కనిపిస్తుంది. ఆ రౌతుతో ముడిపడిన గుమ్మడికాయ కనబడేది ఒకే ఒక్కసారి, మర్నాడు పొద్దున, పగిలిపోయి, వాగు ఒడ్డున, వాడు తరిమిన బడిపంతులు టోపీ పక్కన. కథ మొత్తం ఆ ఒక్క క్షణం కోసం దాచిపెట్టుకున్న వస్తువును అట్ట మీదే పెట్టేస్తే ఇక చదివేవాడికి ఏం మిగిలింది? బొమ్మే కావాలనుకుంటే 1858లో జాన్ క్విడార్ అనే అమెరికన్ చిత్రకారుడు ఈ రాత్రి ఛేజింగ్‌ని గీసిన పాత పెయింటింగ్ ఉంది, అంత పాత చిత్రానికి కాపీరైట్ బెడద కూడా ఉండదు.

కథ ఇది. న్యూయార్క్‌కు ఎగువన హడ్సన్ నది ఒడ్డున టారీటౌన్ అనే ఊరు, దానికి రెండు మైళ్ల దూరంలో నిద్రమత్తులో ఉన్నట్టుండే ఒక లోయ, అందులో ఎన్నో తరాలుగా కదలకుండా బతుకుతున్న డచ్చి రైతు కుటుంబాలు. 1790 ప్రాంతం. అక్కడికి కనెక్టికట్ నుంచి ఇకబాడ్ క్రేన్ అనే బడిపంతులు వస్తాడు. పొడుగ్గా, ఎండిపోయినట్టు, పెద్ద చెవులూ కొంగ ముక్కూ వేసుకుని ఉంటాడు. బతకలేక బడిపంతులు అని మనం అనే మాటకు అచ్చుగుద్దినట్టు సరిపోతాడు. జీతం రొట్టెలకు కూడా చాలదు, అందుకని పిల్లల ఇళ్లలోనే ఇంటికో వారం చొప్పున ఉంటాడు. నేను పిల్లలకు వారాలు చేసుకుని చదువుకోవడం అంటే ఏమిటో చెప్పి, అక్కడ చదువు చెప్పేవాడే వారాలు చేసుకునేవాడు అంటే వెంటనే అర్థమైంది. సామానంతా ఒక రుమాలులో మూటకట్టుకుని ఇల్లు మారతాడు. సాయంత్రాలు ముసలమ్మల దగ్గర కూర్చుని దయ్యాల కథలు వింటాడు, తనూ మంత్రగత్తెల కథలు చెప్తాడు, ఆ తర్వాత చీకట్లో ఒక్కడే ఇంటికి నడవాలంటే ప్రాణం పోతుంది. చదువుకున్నవాడే, ఆ చదివినదంతా భయాన్నే పెంచింది.

ఊళ్లో పెద్ద రైతు వాన్ టాసెల్. ఆయన ఒక్కగానొక్క కూతురు కత్రినా, పద్దెనిమిదేళ్లు. పంతులు కన్ను అమ్మాయి మీద ఎంతో ఆమె నాన్న పొలం మీద అంతకంటే ఎక్కువ. ఆ దొడ్డిలో పందినీ పావురాలనూ బాతులనూ చూస్తూ ఒక్కొక్కటి వండాక పళ్లెంలో ఎలా ఉంటుందో ఊహించుకుంటాడు, ఆ పేరా చదివి వినిపిస్తే మా తొమ్మిదో తరగతి అంతా దసరా ముందు యాటను చూసినట్టు నోరూరించుకుంది. అదే అమ్మాయి మీద మనసు పడిన ఇంకొకడు బ్రామ్ బోన్స్, ఊరి మొనగాడు, గుర్రపు స్వారీలో ఎదురులేనివాడు, అల్లరి ఎక్కువ, మనసులో విషం తక్కువ. ఒక చలికాలం ముందటి సాయంత్రం వాన్ టాసెల్ ఇంట్లో విందు, నాట్యం, దయ్యాల కబుర్లు. అర్ధరాత్రి పంతులు అరువు తెచ్చుకున్న ముసలి గుర్రం మీద తిరిగి వస్తుంటే పక్కన ఇంకో గుర్రం నడుస్తుంది, దాని మీద మనిషికి మెడ పైన ఏమీ లేదు. చర్చి దగ్గర వంతెన దాటితే దయ్యం మాయమవుతుందని అందరూ అంటారు, పంతులు దాటుతాడు, వెనక్కి తిరిగి చూస్తాడు, అవతలివాడు రికాబుల్లో లేచి నిలబడి ఆ తలను విసురుతాడు.

పొద్దున పంతులు లేడు. టోపీ ఉంది, పక్కన పగిలిన గుమ్మడికాయ ఉంది. తర్వాత కొన్నాళ్లకు బ్రామ్ కత్రినాను పెళ్లి చేసుకుంటాడు, ఎవరైనా ఆ రాత్రి సంగతి ఎత్తితే ఏదో తెలిసినవాడిలా ముఖం పెడతాడు, గుమ్మడికాయ మాట వచ్చిన ప్రతిసారీ పగలబడి నవ్వుతాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అనే సామెత మనకు రెండో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఇంగ్లిష్ వాళ్లకు ఈ చోట రచయిత ఇచ్చిన సూచన పట్టుకోవడానికి కొంచెం ఆలోచన కావాలి, మనకు అక్కర్లేదు, ఒక గుమ్మడికాయ, దాని పేరు చెప్పగానే బయటపడిపోయే మనిషి, రెండూ మన సామెతలో సిద్ధంగా ఉన్నాయి. క్లాసులో ఆ వాక్యం చదవగానే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి సామెత మొత్తం చెప్పేసింది. పాతిక మంది ఒక్కసారిగా గొల్లుమన్నారు. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక ఇంగ్లిష్ కథ ఇంత సూటిగా తెలుగులోకి దిగడం నేను చూడలేదు.

అయితే అక్కడితో కథ తేలిపోతుందా అంటే తేలదు, అదే దీని గొప్పతనం. కొన్నేళ్ల తర్వాత న్యూయార్క్ వెళ్లొచ్చిన ఒక ముసలి రైతు, పంతులు బతికే ఉన్నాడు, లా చదివి చిన్న కోర్టులో జడ్జి కూడా అయ్యాడు అంటాడు. ఊరి ముసలమ్మలు మాత్రం ఒప్పుకోరు, దయ్యమే ఎత్తుకుపోయిందని వాళ్ల నమ్మకం. పాడుబడిన బడి పక్క నుంచి పోతుంటే పంతులు పాట వినబడుతుందట. ఎవరి మాట నమ్మాలో రచయిత చెప్పడు.

ఇక ఆ ఆఖరి పేజీ. అసలు కథకు చివర ఒక తోక ఉంది, ఉపసంహారం లాంటిది. అందులో ఈ కథ చెప్పిన మనిషి కనిపిస్తాడు, న్యూయార్క్‌లో ఒక సభలో చెప్పాడట, చిరిగిన బట్టలైనా మర్యాదస్తుడు. వింటున్న వాళ్లలో గంభీరంగా కూర్చున్న ఒక పెద్దమనిషి, ఇంతకీ దీని నీతి ఏమిటి, ఇది దేన్ని రుజువు చేస్తుంది అని అడుగుతాడు. కథకుడు తలాతోకా లేని ఒక తర్కం చెప్తాడు. ఆ పెద్దమనిషి మళ్లీ, ఒకటి రెండు విషయాల్లో నాకు సందేహాలున్నాయి అంటే, అయ్యా, అందులో సగం నేనే నమ్మను అని కథకుడు జవాబిస్తాడు. అంతే, కథ అయిపోయింది. ఈ పుస్తకంలో ఆ ఉపసంహారం లేదు. మొదట్లో ఉండాల్సిన నాలుగు పంక్తుల పద్యం లేదు, కీర్తిశేషుడు డీడ్రిక్ నికర్‌బాకర్ కాగితాల్లో దొరికినది అనే ఉపశీర్షిక కూడా లేదు. ఎందుకు తీసేశారో ఎక్కడా రాయలేదు, సంక్షిప్తం అని కూడా వెయ్యలేదు. నేను ఎంఏ రోజుల జిరాక్స్ కాపీ ఇంట్లో ఉంటే పక్కన పెట్టుకుని చూశాను కాబట్టి తెలిసింది, పిల్లలకైతే ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇది చిన్న లోపం కాదు. ఈ కథ నాలుగైదు నోళ్లు మారి మన దాకా వస్తుంది. ముసలమ్మలు చెప్పుకున్నది ఆ సభలో మనిషి చెప్పాడు, అది విని నికర్‌బాకర్ అనే కల్పిత చరిత్రకారుడు రాసుకున్నాడు, ఆయన పోయాక కాగితాల్లో దొరికితే జెఫ్రీ క్రేయాన్ అనే ఇంకో కల్పిత పెద్దమనిషి తన పుస్తకంలో వేశాడు, ఆ క్రేయాన్ వెనక ఇర్వింగ్ ఉన్నాడు. సూతుడు శౌనకాది మునులకు చెప్పాడని మన పురాణాలు మొదలవుతాయి కదా, ఆ పద్ధతి మనకు కొత్త కాదు. తేడా ఎక్కడంటే, మన దగ్గర ఒకరి నుంచి ఒకరికి వచ్చిన కొద్దీ మాటకు బరువు పెరుగుతుంది, ఇక్కడ నోరు మారిన కొద్దీ బరువు తగ్గుతూ వచ్చి చివరకు చెప్పినవాడే సగం నమ్మను అంటాడు. ఆ గొలుసులో మొదటి కడియాన్నీ చివరి కడియాన్నీ తీసేసి మధ్య ముక్క అమ్మితే అది ఉత్త దయ్యం కథ అవుతుంది.

ఇది ఉత్త దయ్యం కథ కాదని నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, దీన్ని రొమాంటిక్ సాహిత్యం పాఠంలో చెప్పాలి. రొమాంటిక్ అనగానే పిల్లలు ముసిముసి నవ్వులు నవ్వుతారు, ప్రేమకథ అనుకుంటారు. ప్రకృతి, పల్లె మనుషుల నమ్మకాలు, పాతకాలం మీద బెంగ, ఊహకు పెద్దపీట, ఇవి ఆ ఉద్యమానికి ప్రాణం. తెలుగులో భావకవిత్వం ఆ గాలితోనే వచ్చింది. ఇంగ్లండ్‌లో 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి తెచ్చిన కవితల పుస్తకంతో దీన్ని మొదలుపెట్టడం మామూలు. అదే 1798లో న్యూయార్క్‌లో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) వ్యాపిస్తే పదిహేనేళ్ల ఇర్వింగ్‌ను ఇంట్లోవాళ్లు టారీటౌన్ వైపు పంపించేశారు, ఆ లోయను అతను చూసింది అప్పుడే. వర్డ్స్‌వర్త్ మామూలు పల్లె బతుకును తీసుకున్నాడు, కోల్‌రిడ్జ్ అతీత శక్తులను తీసుకున్నాడు, ఇద్దరూ పని పంచుకున్నారు. ఇర్వింగ్ కథలో ఆ రెండూ ఒకే చోట ఉన్నాయి, పొలాలూ గుమ్మడికాయలూ విందు భోజనాలూ ఎంత నిజమో వాటి మధ్య నుంచి వచ్చే తల లేని రౌతు అంత వింత.

ఇర్వింగ్ పుట్టింది 1783లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఒప్పందంతో ముగిసిన సంవత్సరం. దేశమూ రచయితా ఒకే ఈడు. అలాంటి దేశానికి పాతకాలం అనేది ఎక్కడి నుంచి తేవాలి? యూరప్‌లో శిథిలాలు కూడా చరిత్ర చెప్తాయని, రాలిపోతున్న ప్రతి రాయీ ఒక గ్రంథమేనని ఈ కథ మొదట వచ్చిన సంపుటం ముందుమాటలోనే అతను ఆశగా రాసుకున్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఖిలా వరంగల్ తోరణాలు గుర్తొస్తాయి. 1323లో కాకతీయుల రాజ్యం పడిపోయింది, ఆ రాళ్లు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి, పక్కనే పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. మనకు రాళ్లకు కొదవ లేదు, వాటి విలువ పట్టదు. అతనికి రాళ్లు లేవు. అందుకని నలభై ఏళ్ల కిందటి యుద్ధాన్నే తీసుకుని, అందులో పేరులేని ఒక పోరులో ఫిరంగి గుండుకు తల పోగొట్టుకున్న సైనికుణ్ణి తీసుకుని, వాడిని ఏ కాలం నాటివాడో తెలియనంత పాతవాణ్ణి చేశాడు. జర్మన్ జానపదాల్లో వేటగాడి దయ్యాలూ తల లేని రౌతులూ ముందే ఉన్నాయి, 1817లో ఇర్వింగ్ స్కాట్లండ్ వెళ్లి నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఇంట్లో ఉన్నప్పుడు ఆ సాహిత్యం చదవమని ఆయనే ప్రోత్సహించాడు. ఆ విత్తనం తెచ్చి హడ్సన్ మట్టిలో నాటాడు, మొలిచింది మాత్రం అక్కడి మొక్కే.

రాసింది అమెరికాలో కూడా కాదు, ఇంగ్లండ్‌లో. లివర్‌పూల్‌లో అన్నదమ్ముల వ్యాపారం 1818లో దివాలా తీసింది, చేతిలో డబ్బు లేదు, బర్మింగ్‌హామ్‌లో అక్క ఇంట్లో ఉంటూ ఈ కథలు రాశాడు. 1819, 1820ల్లో విడతలుగా వచ్చాయి, స్లీపీ హాలో 1820లో వచ్చింది. పరాయి దేశంలో, అప్పుల మధ్య, చిన్నప్పుడు చూసిన లోయను తలుచుకుంటూ రాసిన మనిషి కాబట్టే ఆ శరదృతువు వర్ణన అంత తియ్యగా ఉంటుందని నేను నమ్ముతాను. ఊరు వదిలినవాళ్లకు ఊరు అలాగే కనబడుతుంది.

ఆ మాటతోనే నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన చోటికి వస్తాను. చాలా మంది దాన్ని దాటేస్తారు. ఇర్వింగ్ ఒక దగ్గర అంటాడు, దయ్యాలు బతకాలంటే కదలని ఊళ్లు కావాలి, మా పల్లెల్లో చనిపోయినవాడు సమాధిలో మొదటి కునుకు తీసి పక్కకు తిరిగే లోపే వాడి చుట్టాలూ స్నేహితులూ ఊరు వదిలి వెళ్లిపోతున్నారు, ఇక దయ్యమై లేచి వచ్చినా పలకరించడానికి ఎవరున్నారు, అందుకే పాత డచ్చి ఊళ్లలో తప్ప దయ్యాల మాటే వినబడదు అని. చదువుతుంటే మా బడి ఉన్న ఊరే కనిపించింది. సగం ఇళ్లకు తాళాలు. నేత పని కోసం భీవండి, సూరత్ వెళ్లినవాళ్లు, గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, హైదరాబాద్‌లో స్థిరపడినవాళ్లు. చెరువు కట్ట మీది చింతచెట్టు గురించి ఒకప్పుడు ఎన్ని కథలో, ఇప్పుడు చెప్పే ముసలమ్మ ఒక్కతే మిగిలింది. పెత్రమాసకు వచ్చి పెద్దలకు బియ్యం ఇచ్చి వెళ్లిపోయేవాళ్లకు ఆ చెట్టు ఎవరిదో తెలియదు. ఇకబాడ్ కల కూడా అదే కదా, కత్రినాను చేసుకుని పొలం అమ్మేసి, ఆ డబ్బుతో బండి కట్టుకుని కెంటకీకో టెనెస్సీకో పోవాలని. అలాంటివాణ్ణి ఊరి దయ్యం తరిమేసింది. దయ్యమే తరిమిందో, దయ్యం వేషంలో ఊరే తరిమిందో, నాకు రెండూ ఒకటే అనిపిస్తుంది.

ఆ రౌతు గురించి కూడా ఒక మాట. వాడు హెస్సియన్. హెస్ అనే జర్మన్ రాజ్యం, ఇంకా అలాంటి కొన్ని చిన్న సంస్థానాలు తమ సిపాయిలను బ్రిటిష్ వాళ్లకు అద్దెకు ఇచ్చాయి, దాదాపు 30,000 మందిని సముద్రం దాటించారు. చాలా మంది బీద రైతుల పిల్లలు. తమది కాని యుద్ధంలో, తమది కాని నేలలో పోయారు. ఇది చెప్తుంటే వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉన్న ఒక పిల్లవాడు లేచి, "మరి వాళ్ల అమ్మకు ఎవలు చెప్పిన్రు మేడం?" అని అడిగాడు. గల్ఫ్ నుంచి శవపేటిక రావడానికి నెలలు పట్టిన ఇళ్లు మా చుట్టుపక్కల ఉన్నాయి. నా దగ్గర జవాబు లేదు. తల కోసం రాత్రంతా వెతుక్కుంటూ తెల్లవారేలోపు శ్మశానానికి పరుగెత్తే ఆ రౌతు మీద నాకు అప్పటిదాకా భయమే ఉండేది, ఆ రోజు నుంచి జాలి కలిగింది.

నచ్చనిది దాచను. నల్లవాళ్లను వర్ణించే చోట్ల ఇర్వింగ్ నవ్వు నాకు మింగుడుపడలేదు. అప్పటికి న్యూయార్క్‌లో బానిసత్వం పూర్తిగా పోలేదు, 1827 దాకా ఉంది. విందులో వాయిద్యకారుణ్ణీ, తొంగి చూసే పనివాళ్లనూ వినోదం వస్తువుల్లా చూపిస్తాడు. పిల్లలకు ఆ భాగం చదివేటప్పుడు ఆగి ఈ విషయం చెప్పాను, చెప్పకుండా దాటేయడం తప్పు. పుస్తకంలో దీని మీద ఒక చిన్న పీఠిక ఉంటే ఎంత బాగుండేదో, కానీ పీఠికే లేదు. వెనక ఇచ్చిన అర్థాల పట్టికలో తేలిక మాటలకు అర్థాలున్నాయి, డచ్చి పిండివంటల పేర్ల లాంటి అసలు కష్టమైన వాటికి లేవు.

భాష గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, తేలిక కాదు. ఒక్కో వాక్యం అర పేజీ నడుస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఒంటరిగా చదివితే రెండో పేజీలో వదిలేస్తారు. పైకి చదివి వినిపిస్తే మాత్రం దారి దొరుకుతుంది, ఎందుకంటే ఇది నోటితో చెప్పే కథ లాగే రాశాడు, ఒగ్గు కథ వింటున్నట్టు మధ్యలో ఊఁ కొడుతూ వినాలి. నాకు నాలుగు పీరియడ్లు పట్టింది. డిగ్రీలో ఇంగ్లిష్ తీసుకున్నవాళ్లు, తర్వాత వచ్చిన అమెరికన్ కథకులు ఎడ్గార్ అలన్ పో, నథానియల్ హాథార్న్‌ల కంటే ముందు దీన్ని చదవాలి. వాళ్లిద్దరూ భయాన్ని మనిషి లోపలికి, పాపంలోకి, పిచ్చిలోకి తీసుకుపోయారు, ఇర్వింగ్ ఇంకా ఆరుబయట, వెన్నెల్లో, నవ్వుతూనే భయపెడతాడు. లోతు వాళ్లదే ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఊరిని ప్రేమించిన దయ్యం కథ కావాలంటే ఇదే. కథ పేరు ఎంత బలంగా నిలిచిందంటే, పక్కనున్న నార్త్ టారీటౌన్ 1996లో తన పేరునే స్లీపీ హాలోగా మార్చుకుంది. ఇర్వింగ్ సమాధి అక్కడే ఉంది.

షాపులో అతను మంచివాడే, పేజీలు లేవని చెప్తే మార్చి వేరే కాపీ ఇచ్చాడు, అందులోనూ అదే లోపం, అంటే అచ్చులోనే లేదు. డబ్బులు తిరిగి తీసుకోలేదు, మిగతా రెండు కథలు పూర్తిగానే ఉన్నాయి. కొనే ముందు మీరు కూడా చివరి పేజీ తిప్పి చూడండి, సగం నేనే నమ్మను అనే మాటతో ముగిస్తే తీసుకోండి, లేకపోతే వేరే ప్రచురణ అడగండి. నేను ఉపసంహారాన్ని గుటెన్‌బర్గ్ నుంచి తీసి రెండు కాగితాల మీద ప్రింట్ చేయించి, పెద్దక్షరాల్లో, బడి కాపీకి వెనక జిగురుతో అంటించాను. అట్టకు న్యూస్‌పేపర్ వేసి, దాని మీద కథ పేరు మాత్రం రాశాను.